పడవలో పడకలెన్ని?

పోయిన నెలలో మా బావగారు ఫోనుకు ఒక పడవ ఫొటో పంపారు. 40 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు, మూడు పడకగదులు, రెండు స్నానాల గదులు. కింద ఒకే వాక్యం: "11 నాట్ల వేగంతో పోతుందట, ఏమంటావమ్మా?"

మా నెల్లూరు వైపు నాట్లంటే వరినాట్లే. ఆదివారాలు చెన్నై రేవులో తెరచాప పడవ నడపడం నేర్చుకుంటున్న కొత్తలో "ఇవాళ ఆరు నాట్లు వచ్చాయి" అని ఇంటికి ఫోను చేసి చెబితే, మా నాన్న "ఏ పొలంలో?" అని అడిగారు. సముద్రం మీద ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, అంటే 1.85 కిలోమీటర్లు. బావగారిని ఊరించిన 11 నాట్లు గంటకు ఇరవై కిలోమీటర్లన్నమాట. సాయంత్రం వేళ మౌంట్ రోడ్డులో బస్సు కూడా అదృష్టం బాగుంటే అంత వేగం పోతుంది.

ఆయన ముప్పై ఏళ్ళు నౌకా రవాణా కార్యాలయంలో పనిచేసి, గడువుకు ముందే విరమించుకుని అణ్ణానగర్ ఇంట్లో కూర్చున్నారు. ఓడల కాగితాలు చూసిన మనిషే కానీ ఓడ నడిపిన మనిషి కాదు. ఇప్పుడు వాడిన పడవ ఒకటి కొని, మా అక్కతో కలిసి పోర్ట్ బ్లెయిర్ దాకా పోవాలని కోరిక. అందుకోసం కంప్యూటర్‌లో ఒక పట్టిక తయారు చేశారు. ఇరవై రెండు పడవలు, ఒక్కోదానికి పద్నాలుగు గడులు: పొడవు, బరువు, తెరచాపల వైశాల్యం, ఇంజను, పడకలు, ధర. చివర అక్క చేర్పించిన పదిహేనో గడి ఒకటి: "గ్రైండర్‌కు చోటు".

ఆ పట్టికను రెండు వారాలు చూశాక నాకొక అభిప్రాయం ఏర్పడింది. దూర సముద్రంలో వేగంగా పోయే పడవ కావాలనుకుంటే అందులో మొదట కొట్టెయ్యాల్సిన గడి పడకలది. మనం పడవను ఫ్లాటు కొన్నట్టు కొంటున్నాం. ఎన్ని గదులు, హాలు ఎంత, స్నానాల గదులు రెండా ఒకటా. అమ్మేవాళ్ళూ అలాగే గీయిస్తున్నారు. గదులు కావాలంటే వెడల్పు కావాలి, వెడల్పును వెనక అమరం దాకా లాక్కుపోవాలి. దానికి రేసు పడవ పోలిక వస్తుంది కాబట్టి "వేగం" అన్న మాట కూడా ఉచితంగా తగిలిస్తారు. నా వాదన వేగానికి వ్యతిరేకం కాదు. ఆ వేగం ఎక్కడ దొరుకుతుందన్నదే పేచీ.

పదకొండు నాట్ల ఫొటో

రెండేళ్ళ కిందటి జనవరిలో సరిగ్గా ఇటువంటి పడవలోనే చెన్నై నుంచి పుదుచ్చేరికి వెళ్ళాను. 40 అడుగులది, కొత్తది, అమరం దగ్గర కారు నిలిపేంత వెడల్పు. మేము ఐదుగురం. మాతోపాటే తెల్లవారుజామున ఐదింటికి ఇంకొక పడవ బయలుదేరింది. అది 32 అడుగుల పాతది, బరువైనది. దాని కీల్, అంటే పడవ అడుగున నీటిలోకి దిగే రెక్క, అణియం (పడవ ముందు కొన) కింద మొదలై చుక్కాని దాకా ఒకే గోడలా ఉంటుంది. అందులో అరవై దాటిన స్నేహితులిద్దరు.

ఈశాన్యపు గాలి వీపు మీద ఉంది. దూరం సుమారు 70 నాటికల్ మైళ్ళు. మహాబలిపురం దాటాక ఒక పెద్ద అల వెనక నుంచి వచ్చి మమ్మల్ని ఎత్తి ముందుకు తోసింది. వేగం చూపే తెర మీద 11.2 కనబడింది. అందరం కేకలు వేశాం, ఒకరు ఫొటో తీశారు. ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఇంటికి వచ్చాక ఉపగ్రహ యంత్రంలో నమోదైన దారిని తీసి లెక్క వేస్తే ఆ గంట సగటు 8.1. మొత్తం ప్రయాణం సగటు 7.8. మధ్యాహ్నం రెండింటికి లంగరు వేశాం. పెద్దవాళ్ళ పడవ సాయంత్రం ఐదున్నరకు చేరింది. మేము కాస్త గర్వంగానే చెయ్యి ఊపాం.

అసలు కథ తిరుగు ప్రయాణంలో ఉంది. అదే గాలి ఇప్పుడు ఎదురుగాలి, పైగా పెరిగింది. వెడల్పాటి పడవ పొట్ట ముందు భాగంలో పళ్ళెంలా చదునుగా ఉంటుంది. అల మీదికి ఎక్కి అవతల దిగేటప్పుడు నీటిని చీల్చదు, కొడుతుంది. డాబా మీద నుంచి బియ్యం బస్తా నేల మీద పడితే వచ్చే చప్పుడు అది. దాన్ని నిమిషానికి నాలుగైదుసార్లు, రాత్రంతా వినాలి. ప్రతి దెబ్బకూ తెరచాప కొయ్య ఊగుతుంది, పళ్ళు కదులుతాయి.

టీ పెడదామని నేను లోపలికి దిగాను. పొయ్యి పడవతోపాటు ఒరిగిపోకుండా ఊగేలా బిగించినదే, గిన్నెను పట్టుకునే కొక్కేలూ ఉన్నాయి. కానీ వంటచోటు ఎదురుగా ఆనుకోవడానికి ఏమీ లేదు. హాలు విశాలంగా ఉండాలని అక్కడంతా ఖాళీగా వదిలేశారు. రేవులో కట్టి ఉన్నప్పుడు ఆ ఖాళీ ఎంత బాగుందో! ఇప్పుడు ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, మోకాలిని సొరుగుకు తన్ని పెట్టి, ఇంకో చేత్తో పాలు పోయబోతే దెబ్బ పడింది. పాలు పైకప్పుకు తగిలాయి. అతిశయోక్తి కాదు, పైకప్పుకే. తరవాత ఎవరూ ఏమీ తినలేదు. ముగ్గురికి వాంతులు. చివరికి తెరచాపలు కుదించి, వేగం తగ్గించి, ఐదు నాట్లతో ఈడ్చుకుంటూ వచ్చాం. సూటిగా 70 మైళ్ళు కావలసింది ఎదురుగాలికి వంకరటింకరగా పోవడంతో 90 అయింది.

తెల్లవారుజామున మూడింటికి కోవళం దగ్గర చేపల వల ఒకటి కుడి చుక్కానికి చుట్టుకుంది. వెడల్పు పడవ ఒరిగితే మధ్యలో ఉండే చుక్కాని నీటిలోంచి సగం పైకి లేస్తుంది కాబట్టి ఇటువంటివాటికి రెండు చుక్కానులు పెడతారు. పక్కలకు, ఏ ఆధారమూ లేకుండా, కిందికి వేలాడుతూ. వలకు అంతకన్నా మంచి కొక్కెం దొరకదు. ఫైబర్ పడవలో నలుగురు వచ్చి, మమ్మల్ని తమిళంలో తిట్టి, గంటన్నర కష్టపడి విడిపించారు. వాళ్ళలో పెద్దాయన సముద్రం గురించి ఏదైనా లోతైన మాట అంటాడేమోనని చూశాను. వల ఖరీదు మాత్రమే చెప్పాడు. ఇచ్చాం.

రేవుకు చేరేసరికి పెద్దవాళ్ళ పడవ మాకు అరగంట వెనక. వల తగలకపోతే రెండు గంటలు ముందుండేవాళ్ళమని ఒప్పుకోవాలి. కానీ వాళ్ళు రాత్రి ఉప్మా చేసుకున్నారు, వంతులవారీగా పడుకున్నారు, దిగాక సామాను సర్దుకుని కారు నడుపుకుంటూ ఇళ్ళకు పోయారు. మేము గట్టు మీద కూలబడ్డాం. ఇది 70 మైళ్ళ సంగతి. పోర్ట్ బ్లెయిర్ సుమారు 730 మైళ్ళు.

పొడవు ఇచ్చేది వెడల్పు ఇవ్వదు

ఈ అనుభవం నుంచి "పాత బరువు పడవలే మేలు" అనే తీర్పుకు రావడం సులువు. చాలామంది వచ్చారు కూడా. నేను రాలేదు.

పడవ నడుస్తూ తన అలను తానే పుట్టిస్తుంది. ఆ అల పొడవు పడవ నీటిగీత (నీటి మట్టం పడవను తాకే గీత) పొడవంత అయ్యాక, మామూలు పడవ ఆ గుంటలో కూర్చుని తన అలనే ఎక్కలేక అవస్థ పడుతుంది. నీటిగీత పొడవును అడుగుల్లో తీసుకుని, వర్గమూలం కట్టి, 1.34తో గుణిస్తే ఆ హద్దు ఎన్ని నాట్లో తెలుస్తుంది. 25 అడుగులకు 6.7. 36 అడుగులకు 8. 49 అడుగులకు 9.4. మా 40 అడుగుల పడవ నీటిగీత 36 అడుగులు. కాబట్టి మా 7.8 సగటు దాదాపు హద్దు దగ్గరిదే. 11.2 అల ఇచ్చిన దానం.

ఈ లెక్కలో వెడల్పు అన్న మాటే లేదని గమనించండి. వెడల్పు ఇచ్చేది నిలకడ. గాలి తోస్తే తొందరగా ఒరగదు కాబట్టి పెద్ద తెరచాప మొయ్యగలదు. అది నిజమే. కానీ ఆ నిలకడ ఒక హద్దు దాకానే. బోల్తా పడ్డాక అదే వెడల్పు దాన్ని తలకిందులుగా కూడా నిలకడగానే ఉంచుతుంది. 1979 ఫాస్ట్‌నెట్ తెరచాప పడవల పందెంలో 303 పడవలు బయలుదేరితే తుపానులో పందెగాళ్ళు 15 మంది చనిపోయారు. ఆ విషాదం తరవాతే పడవ వెడల్పునూ బరువునూ పోల్చి బోల్తా ప్రమాదాన్ని అంచనా వేసే సూత్రం వచ్చింది. బావగారి పట్టికలో దానికీ ఒక గడి ఉంది, 2 దాటితే ఎర్ర రంగు. ఆ సూత్రాన్ని కూడా నేను పూర్తిగా నమ్మను. బరువు కోసం వేసే సీసం కీల్ అడుగున ఉందో తెరచాప కొయ్య చివర కట్టారో దానికి తెలియదు. రెండింటికీ ఒకే అంకె ఇస్తుంది.

మరి పొడవు పెంచి, బరువు పెంచకుండా, వెడల్పు తగ్గిస్తే? మాలాంటి ఎనిమిది టన్నుల 40 అడుగుల పడవనే 50 అడుగులకు సాగదీసి, 11 అడుగుల వెడల్పుకు కుదిస్తే? సన్నగా, తేలికగా ఉన్న ఒడలు (నీటిలో తేలే పడవ దేహం) పుట్టించే అల చిన్నది కాబట్టి ఆ 1.34 హద్దు దగ్గర అంత గట్టిగా తన్నుకోదు. అణియం కత్తిలా ఉంటుంది కాబట్టి అలను కొట్టదు, కోస్తుంది. చిన్న తెరచాపతోనే కదులుతుంది, అందుచేత ఇద్దరు మనుషులు సంబాళించగలరు. స్టీవ్, లిండా డాషూ దంపతులు తమ పడవలను ఇలాగే పొడవుగా, సన్నగా కట్టించుకుని సముద్రాలు దాటారు. వాళ్ళ బేవుల్ఫ్ 78 అడుగులది. దాన్ని ఇద్దరే నడుపుతూ రోజుకు 300 మైళ్ళ దాకా పోయారు. అంత పొడవు మనకు అక్కరలేదు. సూత్రం మాత్రం అదే.

ఒప్పుకోవలసిన చిన్న ఇబ్బంది ఒకటుంది. ఆ దంపతులే తరవాత ఇంజను పడవలకు మారిపోయారు. బావగారికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

బస్తాలు, గొలుసులు

కాగితం మీద తేలికగా ఉన్న పడవ ప్రయాణం రోజున తేలికగా ఉండదు. లంగరు గొలుసు పది మిల్లీమీటర్లది 60 మీటర్లు పెడితే 140 కిలోలు, అదీ అణియంలో, అన్నిటికన్నా చెడ్డచోట. నీళ్ళు 400 లీటర్లంటే 400 కిలోలు. డీజిలు, బ్యాటరీలు, ప్రాణరక్షణ తెప్ప, పనిముట్లు, బియ్యం, పప్పు, ఆ గ్రైండరు. రెండు టన్నులు తెలియకుండానే ఎక్కుతాయి. పొడవుకు తగ్గ బరువెంతో చెప్పే బరువు–పొడవు నిష్పత్తి మా 40 అడుగుల పడవకు ఎనిమిది టన్నుల దగ్గర 170 ఉంటే, పది టన్నులకు 210 దాటుతుంది. తేలిక పడవల వరసలోంచి మధ్యరకంలోకి దిగిపోయినట్టు. అమ్మేవాళ్ళ కాగితంలో మాత్రం ఎప్పటికీ 170యే ఉంటుంది. మూడు గదులుంటే మూడు గదుల సామాను ఎక్కుతుంది. ఇల్లు మారిన ప్రతివాళ్ళకూ తెలిసిన సంగతే కదా.

జంట ఒడళ్ళ పడవలు కొనమని సలహా ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. బరువు విషయంలో అవి ఇంకా సున్నితం. "కాటమరాన్" అనే పేరు మన తీరపు కట్టుమరం నుంచి పోయిందని చెన్నైలో గర్వంగా చెప్పుకుంటాం. కానీ దుంగలు కట్టిన ఆ తెప్పలో పడక ఒక్కటి కూడా లేదు.

నన్ను ఇబ్బంది పెట్టే ప్రశ్నలు

బరువు పడవల పక్షం తీసిపారేసేది కాదు. రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1968–69 గోల్డెన్ గ్లోబ్ పందెంలో 312 రోజులు ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టివచ్చిన సుహైలి బొంబాయిలో టేకుతో కట్టిన 32 అడుగుల పడవ. సగటు నాలుగు నాట్లు, అటూ ఇటూ. అదే పందెంలో దానికన్నా వేగంగా వస్తున్న నైజెల్ టెట్లీ మూడొడళ్ళ పడవ, తరిమి తరిమి నడిపినందుకు, గమ్యానికి ఇంకా వెయ్యి మైళ్ళు పైగా ఉండగా విరిగి మునిగింది. కుందేలు, తాబేలు కథ చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అయితే 2018లో ఆ పందెం మళ్ళీ పెట్టినప్పుడు మన నౌకాదళ అధికారి అభిలాష్ టామీ పోయింది సుహైలి నమూనా మీద కట్టిన తురియాలోనే. దక్షిణ హిందూ మహాసముద్రంలో అది పల్టీ కొట్టింది, కొయ్యలు విరిగాయి, ఆయన వెన్ను దెబ్బతింది. ఫ్రెంచి గస్తీ ఓడ వచ్చి కాపాడింది. బరువు, పొడవాటి కీల్, పాత పద్ధతి, అన్నీ ఉన్నా అల తన పని తాను చేసింది. తరవాత 2023లో ఆయన అటువంటి పాత తరహా 36 అడుగుల పడవలోనే పందెం రెండోస్థానంలో ముగించారు. అది ఆయన గొప్పతనం. పడవ రకానికి ఎంత వాటా ఇవ్వాలో నాకు తేలలేదు.

వేగం కూడా ఒక రక్షణే అనే వాదన నాకు ఇష్టం. బంగాళాఖాతంలో అల్పపీడనం రెండు మూడు రోజుల్లో తుపానుగా మారగలదు. రోజుకు 120 మైళ్ళు పోయే పడవ పోర్ట్ బ్లెయిర్ చేరడానికి ఆరు రోజులు, 180 పోయేదానికి నాలుగు. వాతావరణ సూచనను నాలుగు రోజులకు నమ్మినట్టు ఆరో రోజుకు నమ్మలేం. ఆ రెండు రోజుల తేడా కోసమే నేను వేగం అడుగుతున్నాను, 11.2 ఫొటో కోసం కాదు. కానీ ఆ 180 రావాలంటే నాలుగు రోజులూ మనుషులు తిని, పడుకుని, తెరచాపలు మార్చే ఓపికతో ఉండాలి. ఓపిక అయిపోయిన మనిషి మొదట చేసే పని తెరచాప తగ్గించి పడుకోవడం. మేము చేసింది అదే.

వలల ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదు. పొడవాటి కీల్ వలల మీదుగా జారిపోతుంది. సన్నని పడవకైనా వేగం కోసం కీల్ పొట్టిగా, చుక్కాని విడిగా ఉండాల్సిందే. ఒకటే చుక్కాని కీల్ వెనక నీడలో ఉంటుంది కాబట్టి రెండింటికన్నా కొంత నయం, అంతే. పొట్టి కీల్‌కు ఇంకో భయం ఉంది. 2014లో చీకీ రఫీకీ అనే 40 అడుగుల పడవ అట్లాంటిక్ మధ్యలో కీల్ ఊడిపోయి నలుగురిని పొట్టన పెట్టుకుంది. వాడిన పడవ కొనేటప్పుడు కీల్ బోల్టులూ, అవి పట్టుకున్న అడుగూ చూడకుండా చెక్కు ఇవ్వవద్దని బావగారికి పెద్ద అక్షరాలతో రాసి పంపాను.

ఖర్చు సంగతి చివరికి దాచడం మోసం అవుతుంది. చాలాచోట్ల మెరీనాల్లో, అంటే పడవలు కట్టి ఉంచే రేవుల్లో, అద్దె పొడవును బట్టే. 50 అడుగుల సన్నని పడవ 40 అడుగుల వెడల్పు పడవకన్నా ఎక్కువ కడుతుంది, పడకలు సగమే ఉన్నా. అందుకే అమ్మేవాళ్ళు ఒక్కో అడుగులో ఎన్ని గదులు కుక్కవచ్చో చూస్తారు. కొనేవాళ్ళ తప్పు మాత్రమే కాదు. చెన్నైలో ఇప్పటికైతే మెరీనా అంటే ఇసుక బీచే, పడవలకు కావాలంటే కొచ్చిలో బోల్గాట్టి దాకా పోవాలి కాబట్టి, ఈ బాధ మనకింకా దగ్గరికి రాలేదు.

పొడవు ఏమి ఇస్తుందో చూడాలంటే మన నౌకాదళం తెరచాప పడవ తారిణి ఉంది. 56 అడుగులు, గోవాలో కట్టినది. 2017–18లో ఆరుగురు మహిళా అధికారులు దానిలో భూమిని చుట్టివచ్చారు. వాళ్ళలో విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఉన్నారని చెబితే మా అక్క మొదటిసారి కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఆరుగురూ ఎక్కడ పడుకున్నారు?" అని అడిగింది. కాపలా వంతులుంటాయి కాబట్టి అందరూ ఒకేసారి పడుకోరని చెప్పాను. "మరి మీ బావ?" అంది. ఆయన పట్టికలోంచి తలెత్తలేదు.

నిన్న రాత్రి బావగారు ఇంకో పడవ పంపారు. పట్టికలో అది ఇరవై మూడోది. 49 అడుగుల పొడవు, 11న్నర వెడల్పు, పాతికేళ్ళ వయసు, ఒకే చుక్కాని. వంటచోటు ఇరుకు, నడుము ఆనించుకుని నిలబడవచ్చు. పడకలు నాలుగు, అందులో రెండు సొరంగాల్లాంటివి. మొదటిసారి నాకు ఏ అభ్యంతరమూ తోచలేదు. అరగంట తరవాత అక్క నుంచి సందేశం వచ్చింది: "అమ్మ వస్తే ఎక్కడ పడుకుంటుందే?"

అమ్మ గోదావరి లాంచీ కూడా ఎక్కదు. ఆ మాట ఇంకా జవాబుగా పంపలేదు.